భారతదేశంలో రాబందుల క్షీణత

భారతదేశంలో రాబందుల క్షీణత అనగా 1990వ దశకం ప్రారంభం నుండి భారత ఉపఖండంలో రాబందుల సంఖ్య అతి వేగంగా పడిపోయిన పరిణామం. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలోను గుంపులు గుంపులుగా కనిపించిన ఈ పక్షులలో మూడు జాతులు సుమారు 15 సంవత్సరాల వ్యవధిలోనే 95 శాతానికి పైగా నశించాయి. పశువులకు నొప్పి నివారణ కొరకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు దీనికి ప్రధాన కారణమని 2004లో వెల్లడైనది. ఒక జీవజాతి క్షీణించినప్పుడు దానితో ముడిపడి ఉన్న ఇతర జీవులు, చివరకు మానవులు కూడా ఏ విధంగా ప్రభావితులవుతారో తెలుసుకొనడానికి జీవావరణ శాస్త్రంలో ఈ సంఘటనను ముఖ్యమైన ఉదాహరణగా పేర్కొంటారు.

రాబందు జాతులు

భారతదేశంలో తొమ్మిది జాతుల రాబందులు ఉన్నాయి. వీటిలో కొన్ని ఏడాది పొడవునా ఇక్కడే నివసిస్తాయి. మరికొన్ని హిమాలయ ప్రాంతానికి పరిమితమైనవి, లేదా శీతాకాలంలో వలస వచ్చేవి. క్షీణతకు ఎక్కువగా గురైన జాతులు ఇవి:

* తెల్లవీపు రాబందు: ఎత్తైన చెట్లపై గుంపులుగా గూళ్ళు కట్టుకుంటుంది. 1980వ దశకంలో దీనిని ప్రపంచంలోకెల్లా అత్యధిక సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షిగా భావించేవారు.
* పొడవుముక్కు రాబందు: ఎక్కువగా కొండ చరియలపై, రాతి గుట్టలపై గూడు కడుతుంది. దక్కను పీఠభూమిలోను, మధ్య భారతంలోను కనిపిస్తుంది.
* సన్నముక్కు రాబందు: హిమాలయాల దిగువన ఉన్న మైదానాలలోను, అస్సాంలోను చెట్లపై గూడు కడుతుంది. పూర్వం దీనిని పొడవుముక్కు రాబందులో ఒక ఉపజాతిగా పరిగణించేవారు.
* ఎర్రతల రాబందు: ఒంటరిగా గాని, జంటగా గాని తిరుగుతుంది.
* తెల్ల రాబందు: పరిమాణంలో చిన్నది. ఊళ్ళకు దగ్గరగా, చెత్తకుప్పల వద్ద కూడా కనిపిస్తుంది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి (ఐ.యు.సి.ఎన్.) వీటిలో మొదటి నాలుగు జాతులను "తీవ్రంగా అంతరించిపోతున్న" జాతులుగాను, తెల్ల రాబందును "అంతరించిపోతున్న" జాతిగాను ప్రకటించింది.

జీవ సముదాయంలో రాబందుల స్థానం

ఒకే ప్రాంతంలో కలసి జీవిస్తూ, ఒకదానిపై మరొకటి ప్రభావం చూపే వివిధ జాతుల సమూహాన్ని జీవ సముదాయం అంటారు. ఇందులో జీవుల మధ్య సంబంధాలు పలు విధాలుగా ఉంటాయి. వేట, పోటీ, పరాన్నజీవనం, పరస్పర సహకారం వీటిలో ముఖ్యమైనవి. రాబందులు సాధారణంగా వేటాడవు. ప్రధానంగా చనిపోయిన జంతువుల కళేబరాలను తిని జీవిస్తాయి. అందువలన వీటిని ప్రకృతిలోని పారిశుధ్య పనివారుగా వర్ణిస్తారు.

ఒకే ఆహారం, వేరు వేరు వాటాలు

ఒకే ఆహారంపై ఆధారపడే రెండు జాతులు అన్ని విధాలా ఒకే రీతిలో జీవిస్తే, వాటిలో ఒకటి రెండవదానిని తొలగించివేస్తుంది. దీనిని పోటీ ద్వారా బహిష్కరణ సూత్రం అంటారు. రష్యా శాస్త్రవేత్త గాస్ 1930వ దశకంలో సూక్ష్మజీవులపై చేసిన ప్రయోగాల ద్వారా ఈ సూత్రం ప్రసిద్ధి చెందినది. మరి ఒకే కళేబరం మీద నాలుగైదు జాతుల రాబందులు ఎలా వాలగలుగుతున్నాయి అనే ప్రశ్న సహజంగా కలుగుతుంది.

దీనికి సమాధానం అవి తినే విధానంలో ఉన్నది. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలోని రాబందులను పరిశీలించి 1967లో ప్రచురించిన అధ్యయనంలో వాటిని మూడు రకాలుగా విభజించాడు. కొన్ని జాతులు బలమైన ముక్కుతో గట్టి చర్మాన్ని, స్నాయువులను చీల్చి తింటాయి. కొన్ని పొడవైన, ఈకలు తక్కువగా ఉన్న మెడను కళేబరం లోపలికి దూర్చి మెత్తని మాంసాన్ని లాగి తింటాయి. చిన్నవైన మరికొన్ని జాతులు చుట్టూ పడిన ముక్కలను ఏరుకొని తింటాయి. భారతదేశంలో కూడా ఇదే విధమైన పంపకం కనిపిస్తుంది. తెల్లవీపు, పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు రెండవ రకానికి, తెల్ల రాబందు మూడవ రకానికి చెందుతాయి. హిమాలయాలలోని గడ్డపు రాబందు ఎముకలను కూడా తిని అరిగించుకోగలదు.

రాబందులు ఆహారాన్ని చూపు ద్వారా కనుగొంటాయి. ఆకాశంలో చాలా ఎత్తున ఎగురుతూ నేలను మాత్రమే కాక, దూరంగా ఎగురుతున్న ఇతర రాబందులను కూడా గమనిస్తుంటాయి. ఒకటి కిందికి దిగగానే మిగిలినవి దానిని అనుసరిస్తాయి. కనుక పోటీదారు అయిన పక్షే దారి చూపేది కూడా అవుతుంది. సంఖ్య బాగా తగ్గినప్పుడు ఈ సౌలభ్యం కూడా తగ్గిపోతుంది.

ఇతర జీవులతో సంబంధం

కళేబరం కొరకు రాబందులతో కుక్కలు, నక్కలు, కాకులు, ఎలుకలు, ఈగలు, సూక్ష్మజీవులు పోటీ పడతాయి. పెద్ద గుంపుగా వాలే రాబందులు ఒక పశువు కళేబరాన్ని కొద్ది గంటలలోనే ఎముకల గూడుగా మార్చగలవు. వీటి జీర్ణాశయంలోని ఆమ్లం చాలా తీవ్రమైనది కావడం వలన కుళ్ళిన మాంసంలోని అనేక వ్యాధికారక క్రిములు నశిస్తాయి. ఈ విధంగా రాబందులు ఇతర పోటీదారుల సంఖ్యను అదుపులో ఉంచుతూ వచ్చాయి.

భారతదేశంలో మనుషులతో కూడా వీటికి విడదీయరాని సంబంధం ఉన్నది. ఇక్కడ పశుసంపద అధికం, గోమాంస భక్షణ తక్కువ. చనిపోయిన పశువుల చర్మం ఒలిచి, మిగిలిన భాగాన్ని ఊరి వెలుపల పడవేయడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. మాంసాన్ని రాబందులు తినివేయగా, శుభ్రపడిన ఎముకలను ఏరి అమ్ముకొని జీవించే కుటుంబాలు ఉండేవి. రైతు, చర్మకారుడు, రాబందు, ఎముకలు ఏరేవారు, ఎముకల మిల్లు - ఈ వరుసలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవారికి ఇబ్బంది తప్పదు.

క్షీణతను గుర్తించడం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద ఉన్న కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో రాబందుల సంఖ్య వేగంగా తగ్గుతున్నదని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ గమనించి, 1999లో ఆ వివరాలను ప్రచురించాడు. పక్షులు చనిపోవడానికి ముందు తల వేలాడవేసి కొమ్మలపై కూర్చొని ఉండేవి. ఏదో అంటువ్యాధి కావచ్చునని మొదట అనుమానించారు.

అంతకు ముందు 1991-93 కాలంలో దేశంలోని పలు రహదారుల వెంట వేటపక్షులను లెక్కించి ఉన్నారు. 2000లో అవే మార్గాలలో తిరిగి లెక్కించగా రాబందులు 90 శాతానికి పైగా తగ్గినట్లు తేలింది. 2007 నాటి లెక్కల ప్రకారం తెల్లవీపు రాబందులు 1992తో పోల్చితే వెయ్యింటికి ఒకటి మాత్రమే మిగిలాయి. పొడవుముక్కు, సన్నముక్కు జాతులు రెండూ కలిపి సుమారు 97 శాతం నశించాయి.

కారణం

పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో లిండ్సే ఓక్స్ నాయకత్వంలో ఒక శాస్త్రవేత్తల బృందం చనిపోయిన రాబందులను సేకరించి పరీక్షించింది. అనేక పక్షులలో మూత్రపిండాలు పాడై, అంతర్గత అవయవాలపై యూరిక్ ఆమ్లం తెల్లని పొరగా పేరుకొని ఉన్నది. క్రిములు గాని, పురుగు మందులు గాని కారణమనడానికి ఆధారాలు లభించలేదు. పశువులకు వాడే మందులను పరిశీలించినప్పుడు డైక్లోఫెనాక్ విషయం బయటపడినది. ఈ లక్షణం ఉన్న 25 పక్షులను పరీక్షించగా అన్నింటిలోను డైక్లోఫెనాక్ అవశేషాలు కనిపించాయి. ఇతర కారణాల వలన చనిపోయిన 13 పక్షులలో ఒక్కదానిలో కూడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2004లో నేచర్ పత్రికలో ప్రచురింపబడినవి.

డైక్లోఫెనాక్ పశువులకు హాని చేయదు. వాపు, నొప్పి, జ్వరం తగ్గించడానికి దీనిని వాడేవారు. ధర తక్కువ కావడం వలన 1990వ దశకంలో పల్లెలలో కూడా విస్తృతంగా వ్యాపించినది. మందు ఇచ్చిన కొద్ది రోజులలోపే పశువు చనిపోతే దాని కాలేయం, మూత్రపిండాలు మొదలైన భాగాలలో మందు మిగిలి ఉంటుంది. ఆ మాంసాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయక కొద్ది రోజులలో మరణిస్తుంది.

అన్ని కళేబరాలలోను ఈ మందు ఉండనవసరం లేదు. ప్రతి వంద కళేబరాలలో ఒకటి కంటే తక్కువ విషపూరితమైనా ఇంతటి క్షీణతకు సరిపోతుందని 2004లోనే వెలువడిన మరొక అధ్యయనం లెక్కకట్టినది. ఒక్క కళేబరంపై పదుల సంఖ్యలో పక్షులు వాలడం, ఒక్కొక్క పక్షి ఏడాదిలో అనేక కళేబరాలను తినడం దీనికి కారణాలు. గుంపుగా తినే అలవాటు పూర్వం ఈ జాతులకు బలం కాగా, విషం ప్రవేశించిన తరువాత అదే బలహీనతగా మారినది.

సంతానోత్పత్తి నెమ్మదిగా జరగడం మరొక కారణం. ఈ రాబందులు పుట్టిన సుమారు ఐదు సంవత్సరాలకు గాని గూడు కట్టవు. జంట ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. ఇటువంటి దీర్ఘాయుష్షు గల జాతులలో పెద్ద పక్షుల మరణాలు కొద్దిగా పెరిగినా జనాభా నిలదొక్కుకొనలేదు.

పర్యవసానాలు

రాబందులు వదలిన ఆహారం ఊరకుక్కలకు, ఎలుకలకు లభించినది. కాని అవి రాబందుల వలె కళేబరాలను త్వరగాను, పూర్తిగాను తినలేవు. కెన్యాలో జరిపి 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, రాబందులు రాని చోట కళేబరాలు హరించిపోవడానికి దాదాపు మూడు రెట్ల కాలం పట్టినట్లు, అక్కడికి వచ్చే క్షీరదాల సంఖ్య కూడా పెరిగినట్లు తేలినది. జంతువులు ఒకచోట చేరడం వలన వ్యాధులు ఒకదాని నుండి మరొకదానికి సోకే అవకాశం పెరుగుతుంది.

భారతదేశంలో ఊరకుక్కల పెరుగుదలను, కుక్కకాట్లను, రేబిస్ మరణాలను కలిపి పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో వెలువడినది. 1992-2006 మధ్యకాలంలో రాబందుల క్షీణత వలన 47 వేలకు పైగా అదనపు రేబిస్ మరణాలు సంభవించి ఉండవచ్చునని అది అంచనా వేసినది.

2024లో ఆర్థిక శాస్త్రవేత్తలు ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ మరింత విస్తృతమైన అధ్యయనాన్ని ప్రచురించారు. రాబందుల నివాసానికి అనుకూలమైన జిల్లాలను, అనుకూలం కాని జిల్లాలను పోల్చి చూడగా, మొదటి రకం జిల్లాలలో అన్ని కారణాల వలన కలిగే మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగినట్లు వారు గుర్తించారు. 2000-2005 మధ్య దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించినట్లు వారి అంచనా. కళేబరాలు నీటి వనరులలో కుళ్ళిపోవడం, కుక్కలు పెరగడం ఇందుకు కారణాలుగా పేర్కొన్నారు.

మృతదేహాలను దఖ్మాలలో పక్షులకు వదిలే పార్సీల ఆచారం కూడా దెబ్బతిన్నది. ముంబైలో రాబందులు లేకపోవడంతో దేహాలను ఎండబెట్టడానికి సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలను అమర్చుకోవలసి వచ్చినది.

సంరక్షణ చర్యలు

* నిషేధం: పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని భారత ప్రభుత్వం 2006లో ఆపివేయించినది. నేపాల్, పాకిస్తాన్ కూడా అదే సంవత్సరం చర్యలు తీసుకొన్నవి. బంగ్లాదేశ్ 2010లో నిషేధించినది. మనుషుల కొరకు తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తేలడంతో, 2015లో భారత ప్రభుత్వం ఆ ఇంజక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక మోతాదు సీసాలకే పరిమితం చేసినది. రాబందులకు హానికరమని తేలిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను పశువులకు వాడడాన్ని 2023లో నిషేధించినది.
* ప్రత్యామ్నాయం: మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని 2006లో నిరూపితమైనది.
* సంరక్షణ కేంద్రాలు: హర్యానాలోని పింజోర్‌లో జటాయువు పేరుతో రాబందుల పెంపక కేంద్రం ఉన్నది. పశ్చిమ బెంగాల్‌లోని రాజాభాత్‌ఖావాలోను, అస్సాంలోని రాణిలోను, భోపాల్‌లోను ఇటువంటి కేంద్రాలు ఏర్పడినవి.
* సురక్షిత ప్రాంతాలు: నేపాల్‌లో రాబందుల కొరకు విషరహితమైన కళేబరాలను ఉంచే స్థలాలను గ్రామస్థుల సహకారంతో ఏర్పాటు చేశారు. అక్కడ తెల్లవీపు రాబందులు కొంతమేరకు కోలుకొన్నవి.

2015 నాటి లెక్కల ఆధారంగా భారతదేశంలో తెల్లవీపు రాబందులు 6 వేలు, పొడవుముక్కు రాబందులు 12 వేలు, సన్నముక్కు రాబందులు వెయ్యి వరకు ఉన్నట్లు అంచనా. క్షీణత వేగం తగ్గినది గాని, పూర్వస్థితి చేరలేదు. గూళ్ళు కట్టే పెద్ద చెట్లు నరకడం, విద్యుత్ తీగలు, ఇతర జంతువులను చంపడానికి కళేబరాలలో కలిపే విషం కూడా వీటికి ప్రమాదకరంగా ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాలలో

తెలంగాణలోని కొమరం భీం జిల్లా బెజ్జూరు అటవీ ప్రాంతంలోని పాలరాపు గుట్టపై పొడవుముక్కు రాబందుల గూళ్ళను 2013లో గుర్తించారు. అప్పటి నుండి అటవీశాఖ వాటి రక్షణకు చర్యలు చేపట్టినది. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాబందుల పెంపక కేంద్రం ఉన్నది.

రామాయణంలో సీతను రక్షించడానికి రావణునితో పోరాడిన జటాయువు కథ తెలుగువారికి సుపరిచితం. శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షికి ఆ పేరు రాముడు జటాయువును "లే పక్షీ" అని పలకరించడం వలన వచ్చినదని స్థలపురాణం. అయితే వ్యవహారంలో మాత్రం ఇతరులను పీడించి దోచుకొనేవారిని రాబందులతో పోల్చడం పరిపాటి. నిజానికి ఈ పక్షి బ్రతికి ఉన్న జంతువుల జోలికి సాధారణంగా పోదు.

జీవావరణ శాస్త్రంలో ప్రాముఖ్యత

తన సంఖ్యతో పోల్చితే చాలా ఎక్కువ ప్రభావాన్ని జీవ సముదాయంపై చూపే జాతిని కీలక జాతి అంటారు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ సముద్ర తీరంలోని ఒక రాతి ప్రదేశం నుండి నక్షత్రపు చేపలను తొలగించి, అక్కడి జాతుల సంఖ్య 15 నుండి 8కి తగ్గడాన్ని 1966లో వివరించాడు. ఆ నక్షత్రపు చేపలు ఆల్చిప్పలను తింటూ మిగిలిన జీవులకు చోటు కల్పించేవి. పెయిన్ చేసినది ఒక చిన్న ప్రదేశంలో, ఉద్దేశపూర్వకంగా చేసిన ప్రయోగం. రాబందుల విషయంలో అటువంటి తొలగింపే ఎవరూ తలపెట్టకుండా ఒక ఉపఖండం అంతటా జరిగినది. సంఖ్యాబలం ఉన్న జాతికి ప్రమాదం లేదనే అభిప్రాయం సరి కాదని, ఒక మందును పశువైద్యంలో ప్రవేశపెట్టే ముందు ఆ పశువును తినే జీవులపై దాని ప్రభావాన్ని కూడా పరీక్షించవలసి ఉన్నదని ఈ సంఘటన నిరూపించినది.

ఇవి కూడా చూడండి

* రాబందు
* ఆహారపు గొలుసు
* జీవ వైవిధ్యం
* రేబిస్ వ్యాధి
* జటాయువు