పుస్తకంలో దాచిన ఢిల్లీ

పెళ్ళి ఆల్బం లేని ఇల్లు మనలో ఎక్కడా ఉండదు. పిల్లాడి అన్నప్రాసనకీ, అమ్మాయి ఓణీల వేడుకకీ, మామగారి షష్టిపూర్తికీ బోలెడు ఫోటోలుంటాయి. ఆ వేడుకలన్నీ జరిగిన ఇంటికి మాత్రం విడిగా ఒక్క ఫోటో ఉందేమో వెతికి చూడండి. పెళ్ళికూతురి భుజం వెనక గుమ్మం ముక్క ఒకటి, తాతగారి తల మీదుగా దూలం ఒకటి కనిపిస్తాయి, అంతే. ఇల్లెక్కడికి పోతుందిలే అన్న ధీమా! తీరా ఆ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపాక మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, మీ వంటిల్లు ఎటువైపుండేది?" అని అడిగితే, చేతులతో గాలిలో గీసి చూపించడమే మనకి మిగులుతుంది.

ఇంటి సంగతే ఇలా ఉంటే ఇక ఊరికి ఆల్బం ఎవరు చేస్తారు?

చేసినవాళ్ళున్నారు. ఢిల్లీ నగరానికి మూడేళ్ళ తేడాలో రెండు పుస్తకాలు తయారయ్యాయి. ఒకటి 1844లో ఒక తండ్రి తన ఆడపిల్లల కోసం చేయించిన ఒకే ఒక్క ప్రతి. రెండోది 1847లో ముప్ఫై ఏళ్ళ మున్సిఫు ఒకాయన ఊరందరి కోసం వేయించిన అచ్చు పుస్తకం. అవి పూర్తయిన పదేళ్ళకే ఆ ఢిల్లీలో చాలా భాగం నేలమట్టమైపోతుందని వాళ్ళిద్దరిలో ఎవరికీ తెలియదు. తెలిసి చేస్తే ఆ పుస్తకాల్లో దిగులుండేది. ఉన్నదంతా మురిపెమే!

ఆ తండ్రి పేరు థామస్ మెట్‌కాఫ్. 1813లో ఢిల్లీ వచ్చి, 1853లో అక్కడే కన్నుమూశాడు. చివరి పద్దెనిమిదేళ్ళూ మొగలు దర్బారులో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఏజెంటు. పేరుకి చక్రవర్తి బహదూర్ షా జఫర్; చక్రం తిప్పేది ఈయన. మహా నియమాల మనిషి. ఆడవాళ్ళు చీజ్ తింటే చూడలేకపోయేవాడట. మామిడిపండు తినాలనుంటే స్నానాలగదిలోకి వెళ్ళి తినాలనేవాడట. ఇదంతా ఆయన పెద్దకూతురు ఎమిలీ తన జ్ఞాపకాలలో రాసుకుంది. మామిడి రసాలు మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకునే మన ఊళ్ళకి వచ్చుంటే ఏమైపోయేవాడో పాపం!

భార్య 1842లో పోయింది. ఆడపిల్లలు దూరాన ఇంగ్లండులో పెరుగుతున్నారు. తాను ముప్ఫై ఏళ్ళుగా బతుకుతున్న ఊరు ఎలాంటిదో పిల్లలకి చెప్పాలి. ఉత్తరంలో రాస్తే ఎంతని రాస్తాడు? అందుకని మజర్ అలీ ఖాన్ అనే ఢిల్లీ చిత్రకారుణ్ణి పిలిపించి బొమ్మలు వేయించాడు. పక్కన కథంతా తన దస్తూరీతో తానే రాశాడు. మొత్తం ఎనభై తొమ్మిది ఆకులు, సుమారు 130 బొమ్మలు. దాన్నే 'ఢిల్లీ బుక్' అంటారు.

ఆ పుస్తకం కూర్పులోనే ఉంది అందమంతా. మామూలుగా చరిత్ర పుస్తకాల్లో బొమ్మలన్నీ ఒకచోట, మాటలన్నీ ఒకచోట ఉంటాయి; చదివే మనం అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండాలి. ఇక్కడ అలా కాదు. ఎర్రకోటలోని దివానీ ఖాస్ బొమ్మ ఉంటే, దాని పక్కనో కిందనో, ఖాళీ ఉన్న చోటల్లా ఆ నాన్నగారి రాత. పక్కన కూర్చుని, "ఇదిగో చూడమ్మా, ఇది ఫలానా" అని వేలు పెట్టి చూపిస్తున్నట్టే ఉంటుంది. ఒకచోట కాగితం మడతలు పెట్టి ఉంటుంది. మడతలు విప్పుతూ పోతే 1843లో రంజాను పండగనాడు పాదుషా ఊరేగింపు బారులు తీరి కదిలివస్తుంది. ఏనుగులు, గుర్రాలు, వెనక జనం... ఊరేగింపు ఎంత పొడుగో కాగితమూ అంత పొడుగు సాగాలన్న ఊహ ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

ఆ మజర్ అలీ ఖానే 1846లో ఎర్రకోట లాహోరీ దర్వాజా మీద నుంచి నలువైపులా కనిపించే ఢిల్లీని ఒకే వరసలో చిత్రించాడు. అయిదు కాగితాలు అతికించిన ఆ బొమ్మ పదహారడుగుల పొడుగు. మన చీర పొడుగులో ఒక ముక్క తక్కువ, అంతే! కోటలోపలి మేడలు, తోటలు, బయట బజారు, మసీదులు అన్నీ అందులో ఉన్నాయి.

మెట్‌కాఫ్ ప్రేమ నిజమైనదే. కాని ఆ ప్రేమ పక్కన ఇంకో కాగితం కూడా ఉంది. బహదూర్ షా తరవాత రాజవంశం ఎర్రకోట ఖాళీ చేసి, ఊరి బయట కుతుబ్ మీనారు దగ్గరికి వెళ్ళిపోవాలని 1852లో యువరాజు ఫఖ్రు చేత ఒప్పందం రాయించింది ఈయనే. ఒక చేత్తో కోటకి బొమ్మ గీయించి, రెండో చేత్తో కోటకి దస్తావేజు రాయించాడన్నమాట. ఆ మీనారు దగ్గరే ఒక మొగలు సర్దారు సమాధి ఉంటే, దాన్ని బాగుచేయించి విడిదిల్లుగా మార్చుకుని, 'దిల్‌కుషా' అని పేరు పెట్టుకున్నాడు. సమాధి నడిమి గదిలో భోజనాల బల్ల! మనసుకి నచ్చిన వస్తువు మనదైపోవాలనుకోవడం మామూలు మనుషులకీ ఉంటుంది. అధికారం ఉన్నవాళ్ళకి అది చెల్లుతుంది, అదే తేడా.

ఇక రెండో పుస్తకం. దాని పేరు 'ఆసార్ ఉస్ సనాదీద్'. గొప్పవారి ఆనవాళ్ళు అని అర్థం చెప్పుకోవచ్చు. రాసింది సయ్యద్ అహ్మద్ ఖాన్. తరవాత అలీగఢ్ కాలేజీ స్థాపించిన సర్ సయ్యద్ అని అందరికీ తెలిసినాయనే. అప్పటికి ఢిల్లీ కోర్టులో మున్సిఫు. సెలవు దొరికితే చాలు పాత కట్టడాల దగ్గర తేలేవాడు. కొలతలు తీసుకునేవాడు, గోడల మీది శాసనాలు అక్షరం అక్షరం ఎత్తి రాసుకునేవాడు. కుతుబ్ మీనారు పైభాగంలో ఉన్న రాతలు కింద నుంచి కనబడవు గదా! అందుకని రెండు గడల మధ్య ఒక ఉట్టిలాంటిది కట్టించుకుని, అందులో కూర్చుని, గాలిలో వేలాడుతూ రాసుకునేవాడట. కింద నుంచున్న స్నేహితుడు ఇమాం బక్ష్ సహబాయీ, పర్షియను పండితుడు, ఆ ఉట్టిని చూసి భయంతో పాలిపోయేవాడట. ఉట్టికెక్కలేనివాళ్ళ సామెత మనకుంది. చరిత్ర కోసం ఉట్టెక్కినవాడు మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే.

ఫైజ్ అలీ ఖాన్, మీర్జా షారుఖ్ బేగ్ అనే ఇద్దరు చిత్రకారులు కట్టడాలకి నూటికి పైగా బొమ్మలు వేశారు. పుస్తకం వేసింది సయ్యద్ అహ్మద్ అన్నగారు పెట్టిన రాతి అచ్చుకూటంలో. రాతి అచ్చంటే నూనె, నీళ్ళు కలవవన్న మన వంటింటి సూత్రమే! నున్నటి రాయి మీదికి జిడ్డు సిరాతో రాత ఎక్కించి, రాయిని తడిపి, పైన సిరా పూస్తే రాత ఉన్నచోటే సిరా పట్టుకుంటుంది. సీసపు అక్షరాలలో ఒదగని ఉర్దూ వంకులు, ఒంపులు ఇందులో లేఖకుడి చేతి నుంచి జారినట్టే దిగుతాయి. బొమ్మకీ రాతకీ ఒకే రాయి, ఒకే సిరా. మొదటి కూర్పుకి మీర్జా గాలిబ్ ప్రశంస రాశాడు.

ఇందులో మనం మరీ ఆపేక్షగా చూడవలసింది ఇంకొకటుంది. షాజహాన్ కట్టించిన ఊరు అంటాం గాని, అందులో ఆడవాళ్ళు కట్టించిన భాగం తక్కువేం కాదు. చాందినీ చౌక్‌ని, బాటసారులకి పెద్ద సరాయినీ నిర్మింపజేసింది కూతురు జహనారా. ఫతేపురీ బేగం ఒక మసీదు కట్టించింది. అక్బరాబాదీ బేగం 1650లో ఇంకొకటి కట్టించింది. పరదా చాటున ఉన్నవాళ్ళ పేర్లు ఊరి నడిబొడ్డున రాళ్ళ మీదికి ఎక్కాయి!

1857 వచ్చింది. మే నెల తిరుగుబాటులో మెట్‌కాఫ్ బంగళాని దోచుకుని తగలబెట్టారు. సెప్టెంబరులో ఇంగ్లీషు సైన్యం ఢిల్లీని తిరిగి పట్టుకుంది. సయ్యద్ అహ్మద్ ఇల్లూ దోపిడీ అయింది. ఆయన తల్లి అజీజున్నీసా బేగం గుర్రాలవాడి ఇంట్లో తలదాచుకుని, గుర్రాల దాణా తిని ప్రాణం నిలుపుకుంది. కొడుకు వెతుక్కుంటూ వచ్చి మీరట్ తీసుకువెళ్ళాడు గాని, ఎక్కువ రోజులు బతకలేదు. ఉట్టి కింద నుంచుని భయపడ్డ ఆ సహబాయీని, కొడుకుల్నీ సైన్యం కాల్చి చంపింది.

మనుషుల తరవాత గోడల వంతు. కోటలోపలి భవనాల్లో చాలా భాగం కూల్చి బారకాసులు కట్టారు. కోట చుట్టూ ఫిరంగి గుళ్ళకి అడ్డులేకుండా మైదానం చేశారు. అక్బరాబాదీ మసీదు పోయింది. జహనారా సరాయి పోయి, అక్కడ టౌన్ హాల్ లేచింది. ఫతేపురీ మసీదుని ఒక వ్యాపారికి అమ్మేశారు. 1877లో గాని తిరిగిరాలేదు.

అలా పోయినవాటిలో ఎన్నో ఆ కాగితాల్లో మిగిలాయి. పదహారడుగుల బొమ్మ లేకపోతే ఈనాడు ఎర్రకోటలో పచ్చికబయళ్ళు చూసి, "ఎంత విశాలంగా ఉంచుకున్నారో!" అనుకునేవాళ్ళం. అక్కడ మేడలుండేవని ఆ బొమ్మ చెబుతుంది. మెట్‌కాఫ్ పుస్తకం ఆ కుటుంబంలోనే తరాలపాటు ఉండి, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎమిలీ జ్ఞాపకాలతో కలిపి 'ది గోల్డెన్ కామ్' పేరుతో 1980లో అచ్చయింది. సయ్యద్ అహ్మద్ పుస్తకాన్ని 1861లోనే ఫ్రెంచిలోకి మార్చారు. 2018లో రాణా సఫ్వీ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒక ఆడపడుచు చేతిమీదుగా అది మళ్ళీ మనకి అందడం నాకెందుకో సంతోషంగా అనిపించింది.

రెంటిలో నాకు ఏది ఇష్టమని అడిగితే కళ్ళు మెట్‌కాఫ్ పుస్తకం వైపే పోతాయి, అబద్ధమెందుకు! ఆ రంగులు అలాంటివి. మనసు మాత్రం రాతి అచ్చు వైపే. ఊరిని సొంతం చేసుకోవాలనుకున్నవాడు ఒక్క ప్రతి చేయించాడు. ఊరికి సొంతమైనవాడు ఊరందరికీ పంచాడు.

2012లో మెట్రో పనుల కోసం ఢిల్లీ సుభాష్ పార్కులో తవ్వుతుంటే పాత గోడలు బయటపడ్డాయి. అవి అక్బరాబాదీ మసీదువేనని కొందరన్నారు. గొడవ కోర్టు దాకా వెళ్ళింది. ఒక బేగం తన పేరిట కట్టించుకున్న మసీదు నూటయాభై ఏళ్ళ తరవాత పునాది రాళ్ళుగా తగువులోకి వచ్చింది. అది నిండుగా నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో సయ్యద్ అహ్మద్ పుస్తకంలో బొమ్మ ఉంది.

మనకి మజర్ అలీ ఖాన్‌లు దొరకరు, సరే. చేతిలో ఫోనుంది గదా! ఈసారి పండక్కి అందరూ చేరి ఫోటోలు తీసుకుంటున్నప్పుడు, ఒక్క నిమిషం మనుషుల్ని పక్కకి జరగమనండి. ఆ గుమ్మాన్ని పూర్తిగా పడనివ్వండి. వెనక ఎవరు కట్టించారో, ఎవరు ఏ గదిలో పుట్టారో రెండు ముక్కలు రాసి పెట్టండి. దస్తూరీ బాగా లేకపోయినా ఫరవాలేదు.