బకింగ్‌హాం కాలువ గట్టుబాట

చెన్నపట్టణములో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో కొందరు తమ పెద్దలు "పడవమీద వచ్చినారు" అని చెప్పుకొనుట మనము వినుచుందుము. ఈనాటి పిల్లలు దానిని ఓడప్రయాణమని భావింతురు. అది సముద్రము కాదు, సముద్రమునకు దాపుగా ఒడ్డు వెంబడి సాగు కాలువ. ఆ కాలువకంటెను దాని గట్టుమీది బాటను గూర్చియే నేనిచ్చట వ్రాయదలచితిని. కాలువను గూర్చి గ్రంథములు కలవు. గట్టును తలచినవారు అరుదు.

1852లో గోదావరి ఆనకట్టయు, 1855లో కృష్ణ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట వాని కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. కాకినాడనుండి దవళేశ్వరము, ఏలూరు, బెజవాడ, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో పెదగంజాము లాకు చేరవచ్చును. అంతవరకు తీపినీరు. అచటినుండి దక్షిణమున మరక్కాణము వరకు పోవు ఉప్పునీటి కాలువయే బకింగ్‌హాం కాలువ. దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 ఆంధ్రదేశములోను, 163 తమిళనాట నున్నవి. ఈ నీటిదారికి ఒక కొస యానామునకు దాపున, రెండవ కొస పుదుచ్చేరికి దాపున నుండుట యానాము సోదరులకు వింతగా తోచవచ్చును.

ఈ కాలువ ఒక్కసారి పుట్టినది కాదు. 1801లో బేసిల్ కోక్రేను దొర మొదలుపెట్టగా 1806 నాటికి చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు పడవలు నడచినవి. పడవలపై సుంకము వసూలుచేసికొను హక్కు ఆయనదే. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొని క్రమముగా ఇరుదెసల పొడిగించెను. కాని నగరమధ్యమున, కూవము నదికిని అడయారు నదికిని నడుమ సుమారు 8 కిలోమీటర్ల దూరము చాలకాలము త్రవ్వబడక మిగిలిపోయెను.

ఆ లోటును పూరించినది కరవు. ధాతు సంవత్సరమున ప్రారంభమైన మహాక్షామమందు, 1877–78లో, పని కొరకు వచ్చిన అన్నార్తులచే ఆ భాగమును త్రవ్వించిరి. 1877 మొదట మద్రాసు రాజధానిలోని కరవు పనులకు సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన దినకూలి, మగవానికి ఒక పౌను ధాన్యమును ఒక అణాయును. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. ఆ తిండితో మట్టిపని చేయు మనిషి నిలువజాలడని ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించెను. కాలువకు మాత్రము గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. మా కచేరీలలో ఫైలుపై సంతకముచేసిన వాని పేరే మిగులును, కట్ట మోసినవాని పేరు మిగులదు, ఇదియు అట్టిదే.

ఇక గట్టు. గాలి అనుకూలమైనప్పుడు పడవపై తెరచాప యెత్తుదురు. నీరు నిలిచి గట్టు లేనిచోట, పులికాటు సరస్సువంటి తావులలో, గడవేసి త్రోయుదురు. ఈ రెండును కుదరని చోట్ల మనుష్యులే లాగవలెను. పడవ కొయ్యకు పొడుగాటి మోకు కట్టి, దాని రెండవ కొసను రొమ్ముకో భుజమునకో తగిలించుకొని, ముందుకు వంగి, ఒకరివెనుక నొకరు గట్టుమీద నడచెడివారు. పడవలోనివాడు చుక్కాని పట్టి పడవ ఒడ్డునకు కొట్టుకొనకుండ చూచును. ఎదురు పడవ వచ్చినచో మోకును సడలించి దారి యీయవలెను. బియ్యము, ఉప్పు, వంటచెరకు, ఎండుచేపలు ఈ విధముగానే పట్టణము చేరినవి. శ్రీహరికోట అడవులలోని కట్టెలు చెన్నపట్టణపు పొయ్యిలలో కాలినవి. బేసిన్ బ్రిడ్జి అను పేరు పడవలు నిలుచు కొలనును బట్టి వచ్చినదే. దానికి సమీపముననున్న సాల్ట్ కొటార్సు అను పేరులో మన కొఠారును గుర్తింపవచ్చును.

పుదుచ్చేరి కవి భారతీదాసన్ ఈ కాలువపై మహాబలిపురమునకు పోయి, పడవలాగు కూలీలను చూచి ఒక తమిళగీతము రచించెను. మన కవులలో నెవరైన ఈ లాగుడువాండ్రను పాడియుండిన ఎంత బాగుండెడిది! వారిలో తెలుగువారు తక్కువ కాదు గదా.

పెదగంజామునకు దక్షిణముగా ఈ గట్టుపై నేను సైకిలుమీద కొంతకొంత దూరము పలుమార్లు పోయితిని. కాలువ సముద్రమట్టముననే సాగును గనుక ఎక్కుడు దిగుడు లేదు. తొక్కుటకు శ్రమ లేదని తలంతుము. నిజమైన శ్రమ ఇసుకతోను ముండ్లతోను. కంకర మిగిలినచోట చక్రము హాయిగా దొరలును. ఇసుక వచ్చినచోట దిగి త్రోయవలసినదే. సర్కారు తుమ్మ రెండువైపుల కమ్ముకొని ట్యూబులకు తూట్లు పొడుచును. చినగంజాము ఉప్పుమళ్ళ యెదుట ఆగినప్పుడు ఒక సంగతి తోచినది: మోటారులో పోవువానికి ఈ దూరము తెలియదు, సైకిలువానికి కొంత తెలియును, మోకు లాగినవానికి అడుగడుగున తెలిసెను.

1899లో బెజవాడ-మద్రాసు రైలుమార్గము పూర్తియైనతోడనే ప్రయాణికులు పడవను విడిచిరి. సరకులు మరికొంతకాలము నడచినవి. 1965–66లోను 1976లోను వచ్చిన తుపానులు గట్లను తెంచి కాలువను పూడ్చెను. చెన్నపట్టణములో, 1995లో మొదటిభాగము తెరువబడిన ఎత్తు రైలుమార్గపు స్తంభములు కాలువ పొడవునను దిగబడినవి. అచట గట్టుబాటను వెదకుట వ్యర్థము. అయినను 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఈ పాతకాలువయే అలలనీటిని కొంత తనలో నిముడ్చుకొని ఆవలి పల్లెలను కాచెను. 2008లో దీనిని జాతీయ జలమార్గములలో చేర్చిరి.

అమెరికాలో చెసపీక్-ఒహాయో కాలువపై పడవలు 1924లో ఆగిపోయెను. ఆ గట్టుమీద కారురోడ్డు వేయదలచినప్పుడు, విలియం డగ్లస్ అను న్యాయమూర్తి 1954లో ఆ బాటవెంట కాలినడకను పోయి దేశము దృష్టిని మరల్చెను. 1971లో అది చారిత్రకోద్యానమైనది. నేడు 297 కిలోమీటర్ల గట్టుబాటమీద జనులు సైకిళ్ళు తొక్కుచున్నారు. అచట పడవలను లాగినవి కంచరగాడిదలు. ఇచట లాగినవారు మనుష్యులు.

మన గట్టునంతయు అట్లు కాపాడుట సాధ్యము కాకపోవచ్చును. పెదగంజామునుండి కృష్ణపట్నము వరకైనను బాటను నిలుపవచ్చునని నా అభిప్రాయము. దానికి మోటారురోడ్డు అక్కరలేదు. తుమ్మ కొట్టించి, గండ్లు పూడ్చి, ఇసుకపట్టున కంకర పోయించిన చాలును. లాకుల యొద్ద ఒక్కొక్క రాతిపలకపై ఆ లాకు కట్టిన యేడును, లాగినవారి ఊళ్ళ పేర్లును తెలుగులోను తమిళములోను చెక్కింపవలెను.