నసబ్ కాగితం: అది చెప్పేదెంత?



మన ఖాందానుల్లో "మేము సయ్యదులం", "మేము పఠానులం" అని చెప్పుకోవడం పాత రివాజు. షజరాలు కొన్ని చెదలు తిన్నవి, కొన్ని అసలు వ్రాయనే లేదు. ఇప్పుడు పట్నంలో ఉన్న పిల్లలు లాలాజలం పంపి వంశం కాగితం తెప్పిస్తున్నారు. నిరుడు మా బంధువుల్లో ఒక రిష్తా ఆ కాగితం మీదనే ఆగిపోయింది. సయ్యదులమన్న అబ్బాయికి 'హెచ్' వర్గం వచ్చింది. "అది ఈ దేశపు వర్గం గదా" అని అమ్మాయి తరపు పెద్దలు లేచిపోయారు. కింద చిన్న అక్షరాల్లో 'అంచనా' అని ఉన్నది ఎవరూ చదవలేదు.

ఆ అంచనా ఎట్లా కడతారంటే, తండ్రి నుండి కొడుకుకు వై క్రోమోజోమ్ దాదాపు మారకుండా వస్తుంది. దానిలో కొన్నిచోట్ల ఒకే అక్షరాల గుంపు తస్బీహ్ పూసల మాదిరి వరుసగా ఉంటుంది. ఒకరికి 13 సార్లు, ఇంకొకరికి 14 సార్లు. ఇట్టి 12 చోట్లో, 37 చోట్లో లెక్కించి, ముందే వర్గం తెలిసినవారి లెక్కలతో పోల్చి "ఫలానా హాప్లోగ్రూపు కావచ్చు" అంటారు. తరాలు గడిచేకొద్దీ ఈ లెక్కలు పెరుగుతాయి, తగ్గుతాయి. సంబంధం లేని ఇద్దరి లెక్కలు కలవనూ వచ్చు. పైగా పోల్చే పట్టికల్లో ఐరోపా మూలంవారే ఎక్కువ. ఖాయం కావాలంటే ఎం 69, ఎం 95 వంటి, బహు అరుదుగా మారే గుర్తును విడిగా పరీక్షించాలి.

ఖాయమైనా అది ఒక్క దారి మాత్రమే. ఇందుకు సాక్ష్యం మన అరకు, అనంతగిరి కొండల్లోనే ఉంది. గుతోబు గదబల భాష ముండా కుటుంబానిది. తెలుగు, కువి వలె ద్రావిడం కాదు. ముండా భాషలవారి మగవారిలో ఎం 95 గుర్తు విరివిగా కనపడుతుంది. ఆ తండ్రి దారి ఆగ్నేయాసియా వైపు పోతుంది. తల్లి దారి చూస్తే మాత్రం ఈ దేశానిదే. 

సయ్యదుల సంగతీ చూడండి. భారత, పాకిస్తాను సయ్యదులపై 2010లో ఒక పరిశోధన వెలువడింది. వారందరికీ దగ్గరి కాలంలో ఒకే మూలపురుషుడు ఉన్నట్లు తేలలేదు. అయినా ఇతరులకన్నా అరబ్బు పోలిక హెచ్చుగా కనబడింది. గొప్పలు పోయినవారూ, ఎగతాళి చేసినవారూ ఇద్దరూ పూర్తిగా గెలవలేదు.

పది తరాల వెనక్కి లెక్కిస్తే ఒక్కొక్కరికి 1024 మంది పూర్వీకుల స్థానాలు వస్తాయి. ఈ పరీక్ష వారిలో ఒక్కరి మాటే చెబుతుంది. నానీ, దాదీ ఆ లెక్కలోకే రారు.

కనుక నా మనవి ఒకటే. పరీక్ష చేయించుకోండి, తప్పులేదు. కాని ఆ కాగితంతో ఎవరి రిష్తా కాదనవద్దు, ఎవరినీ తక్కువ చేయవద్దు. అంతకన్నా ముందు ఇంట్లో ఉన్న బుజుర్గుల దగ్గర కూర్చొని పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. వారు పోయిన తరువాత ఏ లాలాజలమూ ఆ సంగతులు చెప్పదు.