పదివేలకి రాజీ పడే ముందు కాస్త చరిత్ర

మన ఆఫీసుల్లో ఎవరికైనా బండి యాక్సిడెంట్ అయిందని తెలియగానే వచ్చే ప్రశ్నలు రెండే. ఒకటి "హెల్మెట్ ఉందా?", రెండోది "ఇన్సూరెన్స్ కవరవుతుందా?". ఆ రెండో ప్రశ్న కూడా కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ గురించే. గుద్దినవాడి బండికి కూడా ఒక ఇన్సూరెన్స్ ఉంటుందనీ, అది ఉన్నదే దెబ్బ తగిలిన మనలాంటివాళ్ళ కోసమనీ చాలామందికి గుర్తే రాదు. ఈలోపు గుద్దినవాడి తరఫున ఓ పెద్దమనిషి హాస్పిటల్‌కి వస్తాడు. "పోలీసులూ కోర్టులూ ఎందుకు సార్, పిల్లలున్నవాడు, పదివేలిస్తాడు, వదిలేయండి" అంటాడు. మనం జాలిపడో, భయపడో, సెలవుల్లేకో సరేనంటాం.

ఇలాంటి రాజీలు ఒకట్రెండు దగ్గర్నుంచి చూశాక అసలు ఈ నష్టపరిహారం అనేది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలెట్టాను. నేను లాయర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఈ చట్టం చరిత్ర చదువుతుంటే ఎవరో వదిలేసి వెళ్ళిన పాత ప్రాజెక్టు కోడు చదువుతున్నట్టే అనిపించింది. ప్రతి సెక్షనూ ఎప్పుడో ఎవరికో జరిగిన అన్యాయానికి వేసిన అతుకే. కొన్ని చిల్లులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అవి ఎక్కువగా మన టూవీలర్ల వాళ్ళ కాళ్ళ కిందే ఉన్నాయి.

మన చట్టానికి మూలం ఇంగ్లండులో ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడదాం. 1808లో ఒక గుర్రబ్బండి బోల్తా పడింది. అందులో భార్యాభర్తలున్నారు. భర్తకి దెబ్బలు తగిలాయి. భార్య నెలరోజులు బాధపడి చనిపోయింది. భర్త కోర్టుకెళితే లార్డ్ ఎలెన్‌బరో అనే న్యాయమూర్తి తేల్చినదేమిటంటే, ఆ నెలరోజులకీ నష్టం అడగొచ్చు, ఆమె చనిపోయిన తర్వాతి కాలానికి మాత్రం అడగడానికి లేదు. మనిషి చావు సివిల్ కోర్టు లెక్కలో నష్టమే కాదు! అంటే బండివాడికి మనిషిని చంపడం కంటే కాలు విరగ్గొట్టడమే ఎక్కువ ఖరీదన్నమాట.

ఇంకో చిత్రమైన ఆచారం కూడా ఉండేది. మనిషి చావుకి కారణమైన వస్తువుని, అది ఎద్దయినా బండిచక్రమైనా, లేదా దాని విలువని రాజుకి జప్తు చేసేవాళ్ళు. పోయినవాడి ఇంటివాళ్ళకి మాత్రం హక్కుగా వచ్చేదేమీ లేదు. రైళ్ళు రావడంతో ఈ ఏర్పాటు ఇరకాటంలో పడింది. 1841లో సోనింగ్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో ఇంజను, పెట్టెల మీద వెయ్యి పౌన్ల జప్తు వేశారు. రైల్వే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. చివరికి 1846లో రెండు పనులూ కలిపి చేశారు. ఆ జప్తు ఆచారాన్ని రద్దు చేశారు. లార్డ్ క్యాంప్‌బెల్ తెచ్చిన చట్టంతో చనిపోయినవాడి కుటుంబానికి నష్టపరిహారం అడిగే హక్కిచ్చారు. తొమ్మిదేళ్ళకి, 1855లో, అదే చట్టం ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ పేరుతో మనకీ వచ్చింది. అప్పటికి మన దేశంలో మోటారు వాహనమే లేదు.

హక్కయితే వచ్చింది గానీ దాన్ని రాబట్టుకోవడం మాటలా? మామూలు సివిల్ దావా వేయాలి, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, డ్రైవరుదే తప్పని రుజువు చేయాలి. పళని ప్రాంతంలో 1947 సెప్టెంబరులో ఒక బస్సు ప్రమాదం జరిగింది. గోబాల్డ్ మోటార్ సర్వీస్ కేసుగా లా పుస్తకాల్లో కనిపిస్తుంది. అందులో సుప్రీంకోర్టు తీర్పు 1961లో వచ్చింది. పద్నాలుగేళ్ళు! కేసు గెలిచినా అవతలివాడి దగ్గర డబ్బు ఉండాలిగా. లారీ ఓనరు "నా దగ్గరేముంది, ఈ లారీ కూడా అప్పుదే" అంటే డిక్రీ కాగితం ఫ్రేము కట్టించుకోవడమే.

దీనికి రెండు అతుకులు పడ్డాయి. ఇంగ్లండులో 1930 చట్టంతో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది. అదే పద్ధతిలో మన 1939 మోటారు వాహనాల చట్టంలోనూ ఒక అధ్యాయం పెట్టారు. అది అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జులై 1న. ఇక రెండో అతుకు 1956 సవరణ. ప్రమాదాల కేసులకి విడిగా క్లెయిమ్స్ ట్రిబ్యునల్స్ పెట్టుకోవచ్చని రాష్ట్రాలకి అధికారమిచ్చారు. ఈ రోజు మన జిల్లా కోర్టుల్లో "ఎంవీఓపీ" అని పిలిచే కేసుల పుట్టుక ఇదే. ఈ రెండో విషయం మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ట్రిబ్యునల్ ఉన్నది డ్రైవర్ని జైలుకి పంపడానికి కాదు. అతని మీద క్రిమినల్ కేసు వేరే కోర్టులో దాని దారిన అది నడుస్తుంది. బండికి సరైన ఇన్సూరెన్స్ ఉంటే ట్రిబ్యునల్లో వచ్చే డబ్బు కట్టేది మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీయే. పిల్లలున్న డ్రైవరు మీద జాలి చూపించి మనం వదిలేసేది నిజానికి ఆ కంపెనీ కట్టాల్సిన డబ్బుని.

ఇంత చేసినా "తప్పెవరిది?" అన్న ప్రశ్న అలాగే మిగిలింది. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాకపోతే పరిహారం లేదని చెప్పింది. చట్టం అలా ఉంది మరి. రాత్రి రెండింటికి హైవే మీద లారీ గుద్దితే సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు? జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రోజుల్లోనే వరసగా కొన్ని తీర్పుల్లో దీని గురించి గట్టిగా రాశారు. తప్పుతో పనిలేకుండా పరిహారం ఇచ్చే వైపుకి చట్టం నడవాలనీ, ప్రమాద బాధితుల దగ్గర కోర్టు ఫీజుల కోసం ప్రభుత్వం పట్టుబట్టడం సిగ్గుచేటనీ ఆయన వాదన. పార్లమెంటు 1982లో కదిలింది. తప్పెవరిదైనా సరే, మనిషి పోతే 15,000, శాశ్వత వైకల్యం వస్తే 7,500 రూపాయలు ఇవ్వాలంది. గుద్ది పారిపోయిన కేసుల్లో చావుకి 5,000, తీవ్ర గాయానికి 1,000. నవ్వొస్తుందా? 1988 చట్టం, 1994 సవరణ ఈ అంకెలు పెంచుకుంటూ వచ్చాయి. గుద్ది పారిపోయిన కేసులకి 1994లో పెట్టిన 25,000, 12,500 మాత్రం 2022 దాకా పైసా కదల్లేదు. 2022 ఏప్రిల్ నుంచి అవి రెండు లక్షలు, యాభైవేలు అయ్యాయి. ఈ మధ్యలో పెట్రోలు రేటు ఎంత మారిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తప్పు సంగతి తేలాక అసలు ప్రశ్న, ఎంత ఇవ్వాలి? ఒకప్పుడు ఇది జడ్జిగారి మనసుని బట్టి ఉండేది. 1994లో ఒక టేబుల్ని ఏకంగా చట్టంలోకే ఎక్కించారు. అందులో లెక్కల తప్పులున్నాయని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. ప్రొడక్షన్‌లో తెలిసిన బగ్గుని ఎన్నాళ్ళు ఉంచుతాం? మన ప్రభుత్వాలు ఇరవయ్యేళ్ళకి పైగా ఉంచాయి. చివరికి ఆ పని కోర్టులే చేశాయి. 2009లో సుప్రీంకోర్టు వయసుని బట్టి మల్టిప్లయర్ ఖాయం చేసింది. 15 నుంచి 25 ఏళ్ళకి 18, 26-30కి 17, 31-35కి 16, 36-40కి 15, అలా తగ్గుతూ 65 దాటితే 5. 2017లో ఐదుగురు న్యాయమూర్తుల బెంచి భవిష్యత్తులో పెరగబోయే జీతాన్ని కూడా కలపాలంది. నలభై లోపు పర్మనెంటు ఉద్యోగికి 50 శాతం, సొంత పనివాళ్ళకి 40 శాతం.

చావు కేసుల కంటే గాయాల కేసులే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి. 2010 అక్టోబరులో వచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు తేడాని చక్కగా విడదీసింది. డాక్టరు రాసిన వైకల్యం శాతం వేరు, దానివల్ల పోయిన సంపాదన శాతం వేరు. ఎడమచెయ్యి పోతే వైద్యుల లెక్కలో సుమారు అరవై శాతం అనుకుందాం. డ్రైవరుకో వడ్రంగికో అది నూటికి నూరు శాతం. అదే ప్రభుత్వ గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు, అప్పుడు సంపాదన నష్టం తక్కువ. అంటే కాలు నలిగిపోయిన డెలివరీ కుర్రాడికీ, అదే కాలు నలిగిన నాకూ లెక్క ఒకటి కాదు. ఇది న్యాయమే అని నా అభిప్రాయం. చెయ్యికీ కాలుకీ కాదుగా ధర కడుతున్నది, వాటితో గడిచే బతుకుకి.

ఇప్పుడు ఆ పదివేల సంగతి చూద్దాం. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, పర్మనెంటు ఉద్యోగం, పన్ను పోగా నెలకి 30,000. మోకాలు దెబ్బతిని సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకోండి. ఏడాదికి 3,60,000. దానికి 50 శాతం కలిపితే 5,40,000. అందులో 20 శాతం 1,08,000. మల్టిప్లయర్ 17. మొత్తం 18,36,000. ఆస్పత్రి ఖర్చులు, పోయిన జీతం, పడ్డ నొప్పి దీనికి అదనం. తప్పులో మన వాటా ఉంటే ఆ మేరకి కోత పడుతుంది, అది వేరే సంగతి. మొత్తం మీద పద్దెనిమిది లక్షలకి ఎదురుగా పదివేలు!

ఇంక చిల్లుల దగ్గరికొద్దాం. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి.

ఒకటి, వెనక కూర్చున్నవాళ్ళు. మీ బండికి ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉండి, మీరు పడేస్తే, వెనకున్న మీ ఫ్రెండుకి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వెనకున్నవాళ్ళు కవరవుతారని 2009లో ఐఆర్‌డీఏ స్పష్టం చేసింది. ఏటా ఆరేడొందలు మిగిల్చుకోవడానికి మనం వదిలేసేది ఇదీ.

రెండు, అడిగి తెచ్చుకున్న బండి. కర్ణాటకలో ఒకతను వేరేవాళ్ళ మోటార్‌సైకిల్ మీద వెళుతూ ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయాడు. బండి అరువు తీసుకున్నవాడు ఓనరు స్థానంలో ఉన్నట్టేననీ, థర్డ్ పార్టీ కాడనీ, తప్పుతో పనిలేని సెక్షన్ కింద అతని కుటుంబం అడగలేదనీ 2009లో తీర్పు వచ్చింది. "మామా, నీ బండి తాళాలియ్యి" అనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మూడు, ఓనరే పడితే. గుంతలో పడి మీ కాలు మీరే విరగ్గొట్టుకుంటే థర్డ్ పార్టీ పాలసీ మీకేమీ ఇవ్వదు. దీనికోసం ఉన్న పర్సనల్ యాక్సిడెంట్ కవర్ టూవీలర్లకి చాలాకాలం లక్ష రూపాయలే. 2018లో దాన్ని పదిహేను లక్షలు చేశారు. చావుకి, కొన్ని రకాల శాశ్వత వైకల్యాలకి వర్తిస్తుంది, లైసెన్సు ఉంటేనే.

మనకి అనుకూలంగా వచ్చిన తీర్పులూ ఉన్నాయి లెండి. ముగ్గురు ఒకే బండి మీద వెళ్ళినంత మాత్రాన ప్రమాదంలో వాళ్ళ తప్పు ఉన్నట్టు కాదనీ, ఆ ముగ్గురుండటం వల్లే ప్రమాదం జరిగిందనో దెబ్బ పెద్దదైందనో చూపించాలనీ 2020లో సుప్రీంకోర్టు అంది. ట్రిపుల్స్ వెళ్ళమని కాదు నా ఉద్దేశం!

చివరగా గడువు. 1988 చట్టంలో క్లెయిమ్ వేయడానికి ఆరు నెలల గడువుండేది, ఆలస్యానికి కారణం చూపిస్తే ఏడాది. ఊరివాళ్ళకి ఈ సంగతి తెలిసేలోపే గడువు దాటిపోయేది. 1994లో ఆ నిబంధన తీసేశారు. 2019 సవరణలో మళ్ళీ పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆలస్యం అన్న ఒక్క కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలలే లెక్కపెట్టుకోండి. ఇంకో మంచి సంగతి, బెంగుళూరులో ప్రమాదం జరిగినా మీ సొంతూరు గుంటూరైతే, మీరు అక్కడే ఉంటుంటే, అక్కడి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ఇది కూడా 1994 సవరణ పుణ్యమే.

నాకు తెలిసిన ఒకాయన పోలీసుల గొడవెందుకని హాస్పిటల్లో "జారి పడ్డాను" అని రాయించాడు. ఆర్నెల్ల తర్వాత రెండో ఆపరేషన్ అవసరమైతే అడగడానికి దారే లేకుండా పోయింది, ఆయన కాగితాల్లో గుద్దినవాడే లేడుగా. అందుకే హాస్పిటల్లో జరిగింది జరిగినట్టు చెప్పండి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, బిల్లులూ డిశ్చార్జి సమ్మరీ దాచండి, అవతలి బండి పాలసీ నంబరు రాసుకోండి. లాయరు ఫీజు వచ్చినదాంట్లో పర్సంటేజీ అంటే ఒప్పుకోకండి, మన బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి అది మామూలే, అక్కడి పద్ధతి వేరు.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్ళే. "తప్పెవరిది?" అని అడిగే చట్టం "పోయిందేమిటి?" అని అడిగేదాకా రావడానికి 1808 నుంచి లెక్కేస్తే రెండొందల ఏళ్ళు పట్టింది. ఆ దారిలో ప్రతి మెట్టు దగ్గరా రాజీ పడకుండా కోర్టు మెట్లెక్కిన ఒక పేద కుటుంబం ఉంది. వాళ్ళు పద్నాలుగేళ్ళు తిరిగి సంపాదించిపెట్టిన హక్కుని, జీతాలూ చదువులూ ఉన్న మనం రెండు రోజుల సెలవు కోసం పదివేలకి అమ్ముకోవడం ఏం బాగుంటుంది చెప్పండి?