బొమ్మలకు ఇల్లు నిలిపినవారు

1925 ఫిబ్రవరి 6న దామెర్ల రామారావు మశూచితో కన్నుమూసే నాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. మొదలుపెట్టిన చిత్రకళాశాల పసితనంలోనే ఉంది. ఇంటినిండా బొమ్మలున్నాయి. తైలవర్ణాలు, నీటిరంగులు, కట్టలకొద్దీ పెన్సిలు రేఖలు, స్కెచ్చి పుస్తకాలు. చిత్రకారుడు పోయాక అతని బొమ్మలు ఏమవుతాయో మనకు తెలుసు. కొన్ని చుట్టాలు పట్టుకుపోతారు, కొన్నిటిని ఎవరో కొంటారు, మిగిలినవి అటక ఎక్కుతాయి. కొన్ని వానాకాలాలు గడిచాక చెద, బూజు తమ పని కానిస్తాయి. రామారావు బొమ్మలకు ఆ గతి పట్టలేదు. నేను రాయదలచుకున్నది ఎందుకు పట్టలేదన్న దాని గురించే.

రామారావు ప్రతిభ గురించి ఎంతోమంది రాశారు. అందుకే ఆ కథ క్లుప్తంగా చెబుతాను. 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలు. ఇంగ్లీషు దొర అయినా అజంతా గోడల మీద మనసు పారేసుకున్నవాడు. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని బొమ్మలూ శిల్పాలూ చూపించినవాడు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, రామారావు ముగ్గురూ ఆయన చేతికింద తయారైనవాళ్ళే. 1916లో రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించింది కూడా ఆయనే. అప్పుడు అక్కడ సిసిల్ బర్న్స్ ప్రిన్సిపాలు. మనిషి ఒంటిని ఉన్నది ఉన్నట్టు గీయడం, తైలవర్ణం పొరలు పొరలుగా వేయడం రామారావు అక్కడ నేర్చుకున్నారు. అజంతా, ఎల్లోరా తిరిగి ఆ గీతను చేతికి ఎక్కించుకున్నారు. బెంగాలు వెళ్ళి అవనీంద్రుల బృందం పనీ చూశారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ బహుమతి గెలిచింది. 1924లో లండను దగ్గరి వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనకు కూడా ఆయన బొమ్మలు వెళ్ళాయి.

ఇంత పేరొచ్చాక బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడటం తేలిక. ఆయన మాత్రం ఊరికి తిరిగొచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పే బడి పెట్టారు. నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో సగం ఈ ఒక్క నిర్ణయం వల్లే. ఆ బడి ఆయన ఇంటి వాతావరణం నుంచే పుట్టింది. భార్య సత్యవాణి ఎన్నో బొమ్మలకు నమూనాగా కూర్చున్నారు. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ స్వయంగా చిత్రకారిణి. ఆ రోజుల్లో ఆడపిల్ల కుంచె పట్టడం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు. ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’, ‘కార్తీక పౌర్ణమి’ చూసినవాళ్ళకు ఆ స్త్రీలు పురాణాల్లోంచి దిగినట్టు అనిపించరు. గోదావరి రేవులో కనబడే మనుషులే అనిపిస్తారు. చీర కుచ్చెళ్ళు పోసిన తీరు, మెడ వంపు అన్నీ మన ఇళ్ళలో చూసినవే. అజంతా గీత నేర్చుకున్న చేయి తెలుగింటి ఆడవాళ్ళను గీస్తే అలా ఉంటుంది.

రామారావు పోయాక ఆ బడినీ బొమ్మలనూ నిలిపే పని వరదా వెంకటరత్నం మీద పడింది. వరదా కూడా చిత్రకారుడే. తన బొమ్మలు తాను వేసుకుంటూ, తన పేరు తాను సంపాదించుకుంటూ బతకవచ్చు. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం స్నేహితుడు మొదలుపెట్టిన బడిని నడిపారు, స్నేహితుడి బొమ్మలను ఒకచోట నిలిపారు. 1963లో పోయేదాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు ఆయన బతుకు ఆ పని చుట్టూనే తిరిగింది. రాజమండ్రిలో ఇవాళ రామారావు పేరిట మందిరం ఉందంటే, దానికి అనుబంధంగా చిత్రకళాశాల ఉందంటే ఆ పునాది వరదాది. రామారావు పేరు తలచే ప్రతి సభలోనూ వరదా పేరు కూడా అంత గట్టిగానూ వినబడాలని నా కోరిక.

మందిరం, బడి పక్కపక్కనే ఉండటం చూడటానికి చిన్న విషయం. నా దృష్టిలో అసలు కీలకం అదే. హైదరాబాదులో కళాకృతి, సృష్టి లాంటి గ్యాలరీలకు వేరే బతుకు ఉంది. అక్కడ ప్రదర్శన మారుతూ ఉంటుంది, బొమ్మ అమ్ముడుపోతుంది, ఆ డబ్బుతో చిత్రకారుడూ గ్యాలరీ రెండూ నిలబడతాయి. అదీ అవసరమే, అది లేకపోతే ఇవాళ్టి చిత్రకారుడికి కూడు లేదు. కానీ ఒక్క మనిషి బొమ్మల కోసం కట్టిన మందిరంలో అమ్మకం ఉండదు. గోడలు మారవు. చూసినవాళ్ళు ఒకసారి చూసి వెళ్ళిపోతే మళ్ళీ రావడానికి కారణం ఉండదు. బడి ఉంటే కారణం ఉంటుంది. పిల్లలు రోజూ వస్తారు. చేయి గీయడం రానివాడు ‘నందిపూజ’ ముందు కూర్చుని వేళ్ళను నకలు చేసుకుంటాడు, రంగు కలపడం రానివాడు ఒంటిరంగులో ఆకుపచ్చ ఎక్కడ దాగిందో వెతుకుతాడు. అచ్చులో చూసినప్పుడు అవేవీ కనబడవు. బొమ్మ అసలు కొలత ఎంతో, కుంచె ఎక్కడ తడిగా నడిచిందో, ఎక్కడ చెరిపి మళ్ళీ వేశారో తెలియాలంటే దాని ఎదుట నిలబడాల్సిందే.

మందిరంలో రోజువారీ పని కంటికి ఆనదు. పొద్దున్నే తలుపు తీయాలి. ఎండ నేరుగా గోడ మీద పడకుండా తెరలు దించాలి, ఎందుకంటే నీటిరంగుకు వెలుతురే శత్రువు. ఒకసారి పాలిపోయిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. తడిగుడ్డ ముట్టకూడదు, మెత్తని పొడి కుంచెతో చట్రం మీది దుమ్ము మాత్రమే దులపాలి. వానాకాలంలో చట్రం వెనక చేయి పెట్టి చెమ్మ చూడాలి. వెండిపురుగు కాగితం తింటుంది, చెద చట్రం తింటుంది. తైలవర్ణం మీది వార్నిషు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, వేసినవాడు ఊహించని రంగు తెస్తుంది. దాన్ని తీయడం చేయి తిరిగినవాడి పని, ఉత్సాహం ఉన్న ప్రతివాడి పనీ కాదు. ఇవేవీ ప్రారంభోత్సవాల ఫొటోల్లో కనబడవు. కానీ నూరేళ్ళనాటి కాగితం ఇంకా మన కంటి ముందుందంటే ఈ పనులు ఎవరో మానకుండా చేసినందుకే.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. శ్రీకాకుళంలో చిత్రకారులు పుట్టలేదా? 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య ఉన్నారు. తండ్రి రామమూర్తి డ్రాయింగు మాస్టరు. ‘చందమామ’, ‘యువ’, ‘స్వాతి’ ముఖచిత్రాల మీద వ.పా. సంతకం చూడని తెలుగిల్లు ఒక తరంలో లేదు. మా ఉద్దానంలో జీడితోటల మధ్య ఇళ్ళల్లోనూ ఆ అట్టలు చింపి, అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నవాళ్ళున్నారు. 1992లో ఆయన పోయారు. రామారావు బొమ్మ దగ్గరికి మనం వెళ్ళాలి. పాపయ్య బొమ్మ నెలనెలా మన ఇంటికొచ్చింది. అది గొప్ప మేలు, కాదనను. అయినా అచ్చులో నాలుగు రంగుల్లోకి కుదించిన బొమ్మే పాపయ్య అనుకుని పెరిగిన పిల్లలకు ఆయన అసలు రంగు తెలియలేదు. పుట్టిన ఊళ్ళో ఆయన అసలు బొమ్మను నిలబడి చూసుకునే వీలు కల్పించడం మనం ఆయనకు బాకీ పడ్డ పని.

మందస దాటి మహేంద్రగిరి వైపు కొండెక్కితే సవరల ఊళ్ళొస్తాయి. ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, చివర నలగ్గొట్టిన పుల్లతో వాళ్ళు బొమ్మ వేస్తారు. చతురస్రంగా ఒక ఇల్లు, అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దలకు మొక్కినా, పంట బాగుండాలన్నా ఆ బొమ్మకు పూజ జరుగుతుంది. వెర్రియర్ ఎల్విన్ ఈ కొండల్లో తిరిగి 1950లలో తన పుస్తకాల్లో ఈ గోడల గురించి వివరంగా రాశాడు. ఇప్పుడు ఆ బొమ్మల్ని గుడ్డల మీద, కాగితాల మీద వేసి నగరాల్లో అమ్ముతున్నారు, దానివల్ల కొందరికి ఆదాయం వస్తోంది, మంచిదే. కానీ గోడ మీద వేసినప్పుడు ఆ బొమ్మను కనిపెట్టుకునే ఇల్లు ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు దాన్ని రోజూ చూస్తారు, దానికి పెట్టుపోతలు చేస్తారు. రాజమండ్రిలో వరదా చేసినదీ ఇదే పని.

మా తీరంలో ఇలాంటి మందిరం కట్టాలంటే కష్టాలు నాకు తెలియనివి కావు. సముద్రపు గాలిలో ఉప్పు ఇనుప మేకును కూడా బతకనీయదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన దృశ్యం ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. పైకప్పు ఎగిరిపోయిన ఇళ్ళల్లో కాగితాలు ఏమవుతాయో కూడా అప్పుడే చూశాం. కాబట్టి మొదట కావలసింది పెద్ద భవనం కాదు. కాంక్రీటు కప్పు, ఎత్తయిన పునాది, ఉత్తరం వైపు కిటికీ ఉన్న ఒకే ఒక్క గది చాలు. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతరకు వేలమంది వస్తారు. ఆ గది అక్కడో టెక్కలిలోనో ఉంటే జాతరకొచ్చిన జనం లోపలికి తొంగిచూసి వెళతారు. అందులో పాపయ్య అసలు బొమ్మ ఒకటైనా ఉండాలి, సవర ఊరి నుంచి వచ్చి గోడ మీద ఏటేటా బొమ్మ వేసే మనిషికి తగిన కూలి ముట్టాలి, పక్కన డ్రాయింగు లోయర్ పరీక్షకు చదివే పిల్లలకు చాపలు వేసే చోటుండాలి.

రాజమండ్రి వెళ్ళడం మనకు దూరమేమీ కాదు. పలాసలోనో ఆమదాలవలసలోనో రైలెక్కితే గోదావరి వంతెనకు ముందే దిగుతాం. వెళ్ళేవాళ్ళు మొదట మందిరంలోకి వెళ్ళి, ఆ తర్వాత కళాశాలలో పిల్లలు ఏం వేస్తున్నారో అడిగి చూడండి. వాళ్ళ దగ్గర స్కెచ్చి పుస్తకం కాసేపు అడిగి తీసుకుని తిరగేయండి. వీలైతే మీ ఊళ్ళో డ్రాయింగు మాస్టరును కూడా తీసుకెళ్ళండి, రైలు చార్జీ మీరే పెట్టుకోండి.