స్వాల్‌బార్డ్: ఓనర్ నార్వే, హక్కులు అందరివీ, మరి సముద్రం ఎవరిది?



మన ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా ఉండొచ్చు, పని కూడా చేసుకోవచ్చు, అలాంటి చోటు ఒకటి నార్త్ పోల్ దగ్గర ఉంది. పేరు స్వాల్‌బార్డ్. మన ఖర్చు మనం పెట్టుకోగలిగితే చాలు. కానీ ఒక మెలిక ఉంది. అక్కడికి వెళ్లే విమానాలు నార్వే మీదుగా పోతాయి, నార్వేలో దిగాలంటే షెంజెన్ వీసా కావాలి. అంటే ఇంటి తలుపు తీసే ఉంది, గల్లీ మొదట్లో మాత్రం గేటు ఉంది. ఆ గేటు తాళం ఎవరి దగ్గరుంది అన్నదే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు మ్యాప్ చూద్దాం. నార్వే పై కొసకీ నార్త్ పోల్‌కీ మధ్యలో ఉన్న దీవుల గుంపు ఇది. విస్తీర్ణం దాదాపు 61 వేల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. జనం మూడు వేలకు అటూ ఇటూ. దబీర్‌పురాలో నాలుగు గల్లీలు తిరిగితే అంతకంటే ఎక్కువ మంది కనపడతారు!

1596లో విలియం బారెంట్స్ అనే డచ్ నావికుడి బృందం ఈ దీవుల్ని చూసింది. తర్వాత తిమింగలాల వేటగాళ్లు వచ్చారు. 1900 దాటాక బొగ్గు కోసం కంపెనీలు వచ్చాయి. అప్పటికి అది ఏ దేశానికీ చెందని నేల. పోలీసు లేడు, కోర్టు లేదు. ఈ గని నాదంటే నాదని కొట్లాడుకుంటే తీర్పు చెప్పే దిక్కు లేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక పారిస్‌లో కూర్చుని 1920 ఫిబ్రవరి 9న ఒక ఒప్పందం రాసుకున్నారు. అదే స్వాల్‌బార్డ్ ఒప్పందం. 1925లో అమల్లోకి వచ్చింది.

అందులో ఏముందో సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. అడ్మిన్ నార్వే. దీవుల మీద పూర్తి సార్వభౌమాధికారం దానిదే. కానీ సంతకం పెట్టిన దేశాల వాళ్లందరికీ చేపలు పట్టడంలో, వేటలో, గనుల్లో, వ్యాపారంలో సమాన హక్కు. అక్కడ వసూలు చేసిన పన్ను అక్కడి పాలనకే వాడాలి. ఇక 9వ నిబంధన ప్రకారం, నావికా స్థావరం కట్టకూడదు, కోటలు కట్టకూడదు, యుద్ధ అవసరాలకు ఆ నేలను ఎప్పుడూ వాడకూడదు.

ఆ కాగితం మీద ఇండియా పేరు కూడా ఉంది! కాకపోతే మన తరఫు ప్రతినిధి పారిస్‌లో ఉన్న బ్రిటిష్ రాయబారి లార్డ్ డెర్బీ. బ్రిటన్ తరఫునా ఆయనే, ఇండియా తరఫునా ఆయనే. మనల్ని ఎవరూ అడగలేదు. అయినా స్వాతంత్ర్యం వచ్చాక ఆ హక్కు మనకే మిగిలింది.

"ఓనర్ ఒకరు, పెత్తనం ఇంకొకరిది, మధ్యలో ఒక కాగితం." ఈ కథ మన పాతబస్తీకి కొత్త కాదు. దబీర్‌పురా నుంచి పురానీ హవేలీ వైపు వెళ్తే ప్రిన్సెస్ దుర్రు షెహవార్ హాస్పిటల్ ఉంటుంది. ఆవిడ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కోడలు, ఆవిడ బిరుదు ప్రిన్సెస్ ఆఫ్ బేరార్. బేరార్ అంటే ఇప్పటి మహారాష్ట్రలోని అమరావతి, అకోలా వైపు పత్తి పండే నేల. పేరుకు నిజాందే. కానీ సైన్యం ఖర్చుల బాకీ పేరు చెప్పి 1853లో ఆ నేల పాలనను ఈస్టిండియా కంపెనీ తన చేతుల్లోకి తీసుకుంది. 1902లో లార్డ్ కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత లీజుగా రాయించుకున్నాడు.

1923లో ఉస్మాన్ అలీ ఖాన్ "నా బేరార్ నాకివ్వండి" అని వైస్రాయ్‌కి రాశాడు. 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ నుంచి జవాబొచ్చింది. ఇండియాలో బ్రిటిష్ కిరీటమే అందరికన్నా పైన, దానితో సమానంగా కూర్చుని మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదని దాని సారాంశం. చివరికి 1936లో నిజాం సార్వభౌమత్వాన్ని ఒప్పుకున్నారు, ఆయన పెద్ద కొడుక్కి ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే బిరుదు ఇచ్చారు. పాలన మాత్రం వదల్లేదు. ఒప్పందం ఇద్దరిది. గొడవ వచ్చినప్పుడు దానికి అర్థం చెప్పింది మాత్రం బలం ఉన్నవాడు.

ఇది గుర్తుపెట్టుకుని స్వాల్‌బార్డ్ సముద్రంలోకి వెళ్దాం.

1920లో ఒప్పందం రాసినవాళ్లు దీవుల గురించీ, తీరాన్ని ఆనుకుని ఉన్న జలాల గురించీ రాశారు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఒక దేశం హక్కు అడగొచ్చనే ఆలోచనే అప్పుడు లేదు. అది తర్వాత వచ్చింది. 1977లో నార్వే స్వాల్‌బార్డ్ చుట్టూ 200 మైళ్ల చేపల రక్షణ మండలం ప్రకటించింది. అక్కడి నుంచి తకరారు మొదలు.

నార్వే ఏమంటుందంటే: ఒప్పందంలో ఏది రాసి ఉందో అంతే. సమాన హక్కులు 12 మైళ్ల వరకే. ఆ బయట హక్కు మాదే. అవతలి వాళ్లు ఏమంటారంటే: ఆ బయటి సముద్రం మీద నీకు హక్కు వచ్చిందే స్వాల్‌బార్డ్ వల్ల. స్వాల్‌బార్డ్ నీకు దక్కిందే మా ఒప్పందం వల్ల. మరి షరతులు మాత్రం 12 మైళ్ల దగ్గర ఎట్లా ఆగిపోతాయి? నిజం చెప్పాలంటే రెండు వాదనల్లోనూ పాయింట్ ఉంది.

మాటలతో ఆగలేదు. 2005 అక్టోబర్‌లో ఎలెక్ట్రాన్ అనే రష్యన్ చేపల ఓడను నార్వే కోస్ట్‌గార్డ్ పట్టుకుంది. ఆ ఓడ లోపలున్న ఇద్దరు నార్వే ఇన్‌స్పెక్టర్లతో సహా రష్యా వైపు పారిపోయింది! రోజుల తరబడి వెంటాడారు. చివరికి ఇన్‌స్పెక్టర్లు క్షేమంగా తిరిగొచ్చారు. తర్వాత మంచు పీతల గొడవ. వాటిని పట్టే హక్కు ఒప్పందం ప్రకారం మాకూ ఉందని ఒక లాట్వియా కంపెనీ కోర్టుకెళ్లింది. 2023 మార్చిలో నార్వే సుప్రీంకోర్టు తేల్చింది: 12 మైళ్ల బయట సముద్రపు అడుగున ఒప్పందం వర్తించదు. కేసు విచారణ జరిగింది, కారణాలు రాశారు. నిజాంకి ఆ మాత్రం కోర్టు కూడా దొరకలేదు. కానీ ఇదీ ఒక పక్షం సొంత కోర్టే కదా. అంతర్జాతీయ కోర్టు ఇప్పటిదాకా దీనిపై తీర్పు ఇవ్వలేదు.

మరి "యుద్ధానికి వాడొద్దు" అన్న మాట నిలబడిందా? రెండో ప్రపంచ యుద్ధంలో నిలబడలేదు. జర్మన్లు వాతావరణ కేంద్రాలు పెట్టారు, 1943 సెప్టెంబర్‌లో టిర్పిట్జ్, షార్న్‌హోర్స్ట్ అనే యుద్ధనౌకలు వచ్చి ఊళ్లను కాల్చేశాయి. 1944లో సోవియట్ మంత్రి మొలొటోవ్ ఈ ఒప్పందాన్నే రద్దు చేద్దామన్నాడు, నార్వే ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ రష్యా ఉత్తర నౌకాదళం అట్లాంటిక్‌లోకి రావాలంటే స్వాల్‌బార్డ్‌కీ నార్వేకీ మధ్యనున్న సముద్రం దాటాలి. బారెంట్స్‌బర్గ్ అనే ఊళ్లో రష్యా ప్రభుత్వ కంపెనీ బొగ్గు గని ఇంకా ఉంది. నార్వే యుద్ధనౌక రేవుకొస్తే రష్యా అభ్యంతరం చెప్తుంది.

ఇప్పుడు తుపాకీ లేకుండా కూడా దెబ్బ కొట్టొచ్చు. ధ్రువాల మీదుగా తిరిగే శాటిలైట్ రోజుకు 14 చుట్లు వేస్తుందనుకోండి, మన షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషన్‌కు అందులో కొన్నిసార్లే కనపడుతుంది. స్వాల్‌బార్డ్‌లో ప్రతి చుట్టులోనూ కనపడుతుంది. అందుకే అక్కడ పెద్ద స్టేషన్ ఉంది. ఆ డేటా మొత్తం సముద్రం అడుగున రెండే కేబుళ్ల మీద నడుస్తుంది. 2022 జనవరి 7న అందులో ఒకటి దెబ్బతింది. మనుషుల పనే అయ్యుండొచ్చన్నారు పోలీసులు. ఆధారాలు చాలక కేసు మూసేశారు.

ఇందులో మనకేం పోతుందంటారా? 2008 జూలై 1న ఇండియా స్వాల్‌బార్డ్‌లోని నీ-ఓలెసుండ్‌లో హిమాద్రి పరిశోధనా కేంద్రం తెరిచింది. 2014లో అక్కడి కాంగ్స్‌ఫ్యోర్డెన్ నీళ్లలో ఇండార్క్ అనే పరికరాల వరుస దించింది. ఆ పనిలో చెన్నై, గోవా సంస్థలతో పాటు మన ప్రగతినగర్ వైపున్న ఇన్‌కాయిస్ కూడా ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. ఆర్కిటిక్ మంచుకీ మన వానలకీ సంబంధం వెతకడం 2022లో వచ్చిన ఇండియా ఆర్కిటిక్ పాలసీలో ఒక ముఖ్యమైన లక్ష్యం.

ఇక్కడే అసలు తిరకాసు. హిమాద్రి బిల్డింగ్ మనది కాదు, నార్వే ప్రభుత్వ కంపెనీ దగ్గర లీజుకు తీసుకున్నది. 1920 కాగితం మనకు స్పష్టంగా ఇచ్చింది చేపల హక్కు, గనుల హక్కు. ఆ రెండూ మనం అక్కడ వాడుకోవట్లేదు. మనం చేసేది సైన్స్. సైన్స్ గురించి 5వ నిబంధన ఏమంటుందంటే, దానికి వేరే ఒప్పందం తర్వాత రాసుకుందామని. వందేళ్లు దాటింది, ఆ ఒప్పందం రాయలేదు. అంటే మన స్టేషన్ నిలబడింది నార్వే మంచితనం మీద, ఒక ఖాళీ పేజీ మీద.

నార్వే ఇప్పటిదాకా మనతో బాగానే ఉంది. కానీ సముద్రం గొడవ ముదిరితే, ఎవరికి ఏ హక్కుందో మళ్లీ లెక్క తీస్తారు. రాయని చోట ఎవరి మాట నెగ్గుతుందో బేరార్‌లో చూశాం. ఆ ఖాళీ పేజీ నింపే రోజు వస్తే, ఈసారి ఇండియా తరఫున కూర్చునేది లార్డ్ డెర్బీ కాదు. మనవాళ్లు. వాళ్లు ఆ 1920 కాగితం చదువుకుని వెళ్లాలి.

మళ్లీ కలుద్దాం. నమస్తే, ఖుదా హాఫిజ్.