పెద్దపేగు పరీక్ష పేదవాడి గడప తొక్కిన కథ

 

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పి అసలు కథలోకి వెళ్తాను. మా పెదనాన్నగారికి విరేచనంలో రక్తం పడేది. "మొలలే, వేడి చేసింది" అనుకుని మజ్జిగ, సబ్జా గింజలతో ఏడాదిన్నర గడిపేశారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో చెప్పుకునే విషయమా అది? పెద్దపేగు క్యాన్సర్ అని తేలేసరికి కాలేయానికి పాకిపోయింది. ముందే పట్టుకోగలిగే జబ్బు కదా, మరి ఆ పరీక్ష మనిషి దాకా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే నాకు అమెరికా చరిత్ర ఎదురైంది.

ఈ క్యాన్సర్ సాధారణంగా పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. అంటే మనకి వ్యవధి ఉంది. 1967లో ఒహాయో రాష్ట్రానికి చెందిన డాక్టర్ డేవిడ్ గ్రీగర్ ఒక పద్ధతి ప్రచురించారు. మనిషి ఇంట్లోనే మూడు రోజులపాటు మలం నమూనా కాస్త అట్టముక్క మీద పూసి ఇస్తే, కంటికి కనిపించని రక్తం కూడా బయటపడుతుంది. 1969లో న్యూయార్క్‌లో షిన్యా, వోల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు పొట్ట కోయకుండా కొలొనోస్కోప్‌తోనే పాలిప్‌ను తీసేశారు. 1993లో మిన్నెసోటా అధ్యయనం వెలువడింది. 46 వేలకు పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి పరిశీలించి, ఏటా ఈ మల పరీక్ష చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయని తేల్చారు.

మరి సమస్య తీరిపోయిందా? లేదండీ! ఇన్సూరెన్స్ ఉన్నవాడు చేయించుకున్నాడు. రోజు కూలీ మీద బతికేవాడు, ఇంగ్లీషు రానివాడు, కారు లేనివాడు మిగిలిపోయారు. కొలొనోస్కోపీ అంటే ముందురోజు పస్తుండి పేగు శుభ్రం చేసుకోవాలి, పనికి సెలవు పెట్టాలి, మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లడానికి తోడు ఒకరుండాలి. ఆ తోడు లేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు.

దీనికి దారి న్యూయార్క్ హార్లెమ్‌లో దొరికింది. అక్కడి సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయాక వచ్చే పేద నల్లజాతి స్త్రీలను చూసి చూసి, 1990లో "పేషెంట్ నావిగేటర్" అనే ఏర్పాటు మొదలుపెట్టారు. రోగి పక్కనే ఉండి అపాయింట్‌మెంటు, కాగితాలు, భయాలు అన్నీ చూసుకునే మనిషన్నమాట. పెళ్లివారింట్లో అన్నీ తెలిసిన మేనత్త లాంటి మనిషి!

ఆ ఆలోచనని రాష్ట్రం మొత్తానికి తీసుకెళ్లింది చిన్న డెలవేర్. గవర్నర్ రూత్ ఆన్ మిన్నర్ భర్త క్యాన్సర్‌తోనే పోయారు. ఆవిడ హయాంలో రాష్ట్రం ఒక కార్యక్రమం చేపట్టింది. ఇన్సూరెన్స్ లేనివారి పరీక్ష ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. ఆసుపత్రుల్లో నర్సు నావిగేటర్లను నియమించింది. క్యాన్సర్ బయటపడితే చికిత్స ఖర్చు కూడా భరించింది. ఈ చివరి మాట గమనించండి. "జబ్బుందని తెలిసి మాత్రం ఏం చేస్తాం, డబ్బుల్లేవు కదా" అనే పేదవాడి ప్రశ్నకి జవాబు అదే.

ఫలితం చూడండి. 2002లో పరీక్ష చేయించుకున్న నల్లజాతివారు 48 శాతం, తెల్లవారు 58 శాతం. 2009కల్లా ఇద్దరూ దాదాపు 74 శాతం! నల్లజాతివారిలో ఈ క్యాన్సర్ మరణాల రేటు 42 శాతం తగ్గింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఉన్న పరీక్షనే మనిషి దగ్గరకి చేర్చారు, అంతే.

ఇంకో మలుపు టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో. ఇన్సూరెన్స్ లేని రోగులను మూడు గుంపులు చేశారు. మామూలుగా వదిలేసినవారిలో 12 శాతం పరీక్ష చేయించుకున్నారు. ఉచిత కొలొనోస్కోపీకి పిలిస్తే 25 శాతం దాకా వచ్చారు. మల పరీక్ష కిట్టు పోస్టులో ఇంటికి పంపితే 41 శాతం! 2013లో వచ్చిన ఫలితాలివి. మనిషి చేయించుకునే పరీక్షే మంచి పరీక్ష అని నాకు అర్థమైంది. అయితే కిట్టులో తేడా వస్తే కొలొనోస్కోపీ చేయించుకోవాల్సిందే. అక్కడ మళ్లీ చేయి పట్టుకునే మనిషి లేకపోతే కిట్టు పంపీ లాభం లేదు.

మన దేశంలో ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి పరీక్షలు చేయిస్తోంది. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. ఇక్కడ ఈ జబ్బు అమెరికాలో కంటే తక్కువన్నది నిజమే. కానీ రక్తం పడుతున్న మనిషికి ఆ లెక్కతో పనేముంది?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకి ఒక మాట. 2021 నుంచి అక్కడ 45 ఏళ్లకే ఈ పరీక్ష మొదలుపెట్టమంటున్నారు. వాయిదా వేయకండి. ఇక్కడున్నవాళ్లు ఇవాళే ఇంట్లో పెద్దవాళ్లని సిగ్గుపడకుండా ఒక్క మాట అడగండి. మా పెదనాన్నగారిని మేమెవ్వరం అడగలేదు.